అక్క పేరు మీద కుదువబెట్టిన గుండ్లు, అక్క పోయాక విడిపించిన నా అనుభవం

ఫిబ్రవరి 6, శుక్రవారం మధ్యాహ్నం మా అక్క బంగారు గుండ్లు బ్యాంకు నుంచి బయటికొచ్చాయి. అక్క పోయి అప్పటికి ఐదు నెలలు కావస్తోంది. కుదువబెట్టింది అక్క, డబ్బు వాడుకున్నది నేను. ఇలాంటి లెక్కలు చాలా ఇళ్లలో ఉంటాయి కానీ ఎవరూ నోరు విప్పరు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, కొంచెం పొడుగైనా ఏమనుకోవద్దు.

ముందు గుండ్ల సంగతి. మా అమ్మవి అవి. ఎర్ర పట్టుదారానికి గుచ్చిన 24 గుండ్లు, పైన పలుచటి బంగారు రేకు, లోపల లక్క. 1985లో అక్క పెండ్లికి అమ్మ తన మెడలోంచి తీసి అక్కకు వేసింది. అప్పుడు అక్కకు పదిహేడు, నాకు ఆరు. మాది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు, అమ్మకు నలభై రాకముందే మోకాళ్లు పట్టేశాయి. నన్ను చంకనెత్తుకుని తిప్పింది, తల దువ్వింది, బడికి తోలింది అంతా అక్కే. అప్పగింతలప్పుడు నేను అక్క మెడకు చుట్టుకుని వదల్లేదు. ఎవరో నన్ను గుంజితే నోటికి అందిన గుండును పట్టి కొరికాను. ఎడమ పక్క నుంచి మూడో గుండుకు సొట్ట పడింది. అమ్మ నన్ను కొడుతుందని అక్క కొంగు కప్పుకుని అట్లనే అత్తగారింటికి పోయింది, ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నలభై ఏండ్లు నేను దేనికైనా మొండికేస్తే చాలు, ఆ మూడో గుండును వేలితో నా వైపు తిప్పి చూపించేది. ఒక్క మాట అనేది కాదు.

2023 జూన్‌లో మా వాడికి ఇంజనీరింగ్‌లో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడుకున్నాం. లక్ష తక్కువ పడింది. నా బంగారం అప్పటికే ఒక ఫైనాన్స్‌లో ఉంది. అక్కను అడగాలని నేను అనుకోలేదు, ఫోన్‌లో ఏడిస్తే తనే అన్నది, "నా పాసు పుస్తకం ఉంది కదనే, నా పేరు మీద పెడితే వడ్డీ తక్కువ పడ్తది" అని. నిజమే, అప్పుడు భూమి కాగితం మీద ఇచ్చే వ్యవసాయ గోల్డ్ లోనుకు 7 శాతం, గడువులో కడితే అందులోనూ కొంత తగ్గేది, ఫైనాన్స్‌లో నేను కట్టేది దానికి మూడింతలు. దేవరకొండ వైపు వాళ్ల ఊరికి దగ్గరి బ్యాంకులో పెడితే బావకు తెలుస్తుందని నల్గొండకు వచ్చింది. జూన్ 14, బుధవారం. బంగారం విలువ కట్టే అప్రైజర్ తూకం వేసి మొత్తం 31.4 గ్రాములు, లక్క, దారం పోను 25.2 అని రాశాడు. అప్పుడు తులం 55 వేల చిల్లర. లక్ష ఇచ్చారు.

గుండ్ల కొక్కెం వదులుగా ఉండేది, ఊడకుండా అక్క ఒక పిన్నీసు పెట్టుకునేది. అప్రైజర్ దాన్ని తీసి, "ఇది బంగారం కాదు కదమ్మా, మీ దగ్గర పెట్టుకోండి" అని ఇచ్చాడు. అక్క నా చేతిలో పెట్టి, "దాచు, మళ్ల కావాలె" అన్నది. రసీదు కూడా నాకే ఇచ్చింది, ఇంట్లో ఉంటే బావ కంట్లో పడుతుందని. నేను, "సంక్రాంతికి విడిపిస్త అక్కా" అన్నాను. "ఎందుకే తొందర, అవేమన్న కూడు అడుగుతయా" అని నవ్వింది. ఆ సాయంత్రం అక్కను బస్సెక్కించి తిరిగొస్తుంటే బస్టాండ్‌లో నా చెప్పు పట్టీ తెగింది, పర్సులో ఉన్న ఆ పిన్నీసే పెట్టుకుని ఇంటికొచ్చాను. తర్వాత ఆ చెప్పులు పారేశాను.

సంక్రాంతి వచ్చింది, పోయింది. 2024 ఫిబ్రవరిలో అక్క కూతురి పెండ్లి. నేను ఫైనాన్స్ వాళ్లకు కట్టాలా, అక్కవి విడిపించాలా అని ఊగిసలాడుతుంటే అక్కే ఫోన్ చేసి వన్ గ్రామ్ గోల్డ్ గుండ్లు కొనుక్కున్నానని చెప్పింది. బావతో మాత్రం, అసలువి బ్యాంకు లాకర్ల ఉన్నయి, పెండ్లి సందడిలో పోతయని తేలేదు అని చెప్పిందట. పెండ్లంతా నేను అక్క మెడ వైపు చూడకుండా గడిపాను. ఆల్బమ్‌లో ఆ ఉత్తుత్తి గుండ్లు అసలు వాటికంటే ఎక్కువ మెరుస్తాయి.

ఏడాది గడువు కాబట్టి 2024 జూన్‌లో లోను తిరగరాయించాలి. వడ్డీ కడితే చాలదు, మొత్తం కట్టి విడిపించి మళ్ళీ పెట్టుకోవాలన్నారు. ఒక్కరోజుకు లక్ష సర్దే ఆయన్ని పట్టుకున్నాం, దానికి వెయ్యి తీసుకున్నాడు. పాత లోను మూసి కొత్తది రాయడానికి మధ్యలో అరగంట పట్టింది. ఆ అరగంట గుండ్లు అక్క చేతిలోకి వచ్చాయి. మెడకు పెట్టుకుంది. కొక్కెం నిలవలేదు. "పిన్నీసు ఏదే?" అన్నది. ఇంట్లో ఉందక్కా అన్నాను. రెండు కొసలూ మెడ వెనక చేత్తో పట్టుకుని, బ్యాంకు బెంచీ మీద అరగంట అట్లనే కూర్చుంది. కౌంటర్‌లో పిలిస్తే తీసి ఇచ్చేసింది. ఆ లక్ష ఆ రోజు నా చేతిలోనే ఉండె, ఒక్క రోజు అప్పైనా సరే. ఆ అరగంట నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

2025 జూన్ గడువు దాటిపోయింది. నేను కట్టలేదు, అక్క అడగలేదు. సెప్టెంబర్ 11, గురువారం తెల్లవారుజామున అక్క ఇంట్లోనే గుండెపోటుతో పోయింది. పదకొండో రోజు ఎంగిలిపూల బతుకమ్మ పడింది. ఊరంతా పూలు, మా ఇంట్లో దినాలు. ఆ రోజు బావకు చెప్పాలనే పోయాను. ఆయన అక్క పెట్టె ముందరేసుకుని ఒక్కొక్క చీర మడత పెడుతున్నాడు. చెప్పలేకపోయాను.

సెప్టెంబర్ 26న, ఎవరికీ తెలియకుండా రసీదు పట్టుకుని బ్యాంకుకు పోయాను. డబ్బు కట్టేసి, గుండ్లు తెచ్చి, అక్క పెట్టెలో పెట్టేస్తే సరిపోతుంది, ఎవరికీ చెప్పే పనే ఉండదని నా లెక్క. దొంగ లెక్కే. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "కట్టడానికి ఎవరైనా కట్టొచ్చు మేడం, తీసుకోవడానికి మాత్రం వారసులు రావాలి. మీరు ఆమెకు ఏమవుతారు?" చెల్లెల్ని అన్నాను. భర్త, పిల్లలు ఉన్నారా అన్నాడు. ఉన్నారు. "అయితే వాళ్లే రావాలి." తర్వాత నోటరీ దగ్గర తెలిసింది, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన ఆడమనిషి ఆస్తికి ముందు వారసులు కొడుకులు, కూతుళ్లు, భర్త. చెల్లెలు వరుసలో ఎక్కడో వెనక. చేతిలో రసీదు ఉన్నా, అప్పు నాదే అయినా అంతే.

ఆ రోజే బావకు చెప్పి ఉంటే బాగుండేది. దసరా పోనీ అనుకున్నాను. అక్టోబర్ 17న, దీపావళికి మూడు రోజుల ముందు, అక్క పేరు మీద స్పీడ్ పోస్టు వచ్చింది. గడువులోగా కట్టకపోతే వేలం వేస్తామని. పోస్టుమ్యాన్ బావ చేతికి ఇచ్చాడు. సాయంత్రం ఫోన్ వచ్చింది, "లాకర్ల ఉన్నయన్నది కదా, ఇదేంది?" అని.

నేను ఫోన్‌లో చెప్పకుండా మర్నాడు పొద్దున బస్సుకు పోయి ఎదురుగా కూర్చుని చెప్పాను. తిడితే బాగుండు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నలభై ఏండ్లు కాపురం జేసిన. నాతోటి అబద్ధమాడింది" అన్నాడు, అంతే. కోపమంతా అక్క మీదికి మళ్ళింది, నా తప్పుకు. అక్క అక్కడ గోడ మీద ఫోటోలో, దండతో. ఆ తర్వాత నెలల తరబడి ఆయన నాతో మాట్లాడలేదు. మాట్లాడింది వాళ్ల బిడ్డ. ఎల్బీ నగర్‌లో ఉంటుంది, ఫోన్ చేసి చాలాసేపు ఏమీ అనకుండా ఉండి, "చిన్నమ్మా, నా పెండ్లిల అమ్మ మెడ మీద దద్దుర్లు లేచినయి, గుర్తుందా? నేను పూలదండ పడలేదనుకుని పౌడర్ రాసిన" అన్నది. నాకు దద్దుర్ల సంగతే తెలియదు. చెప్పాను కదా, నేను ఆ వైపు చూడలేదు.

ఇక కాగితాల సంగతి. ఎవరికైనా పనికొస్తుంది కాబట్టి వివరంగా చెప్తాను.

వేలం నోటీసు వచ్చినప్పుడు మొదట చేయాల్సింది, డెత్ సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి, లోను తీసుకున్న మనిషి చనిపోయింది, వారసుల కాగితాలు తెచ్చేదాకా వేలం ఆపండి అని లెటర్ ఇవ్వడం. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద బ్యాంకు స్టాంపు, తారీఖు వేయించుకోవాలి. ఇది నాకు బ్యాంకులో అటెండర్ చెప్పాడు, మేనేజర్ కాదు. అక్టోబర్ 22న ఆ లెటర్‌తో పాటు యాభై వేలు కూడా కట్టాను. మా ఆయన బండి అమ్మితే వచ్చినవి. కట్టిన ప్రతిసారీ రసీదు మీద అక్క పేరే వస్తుంది, కట్టినవారు అని కింద చిన్నగా మన సంతకం.

డెత్ సర్టిఫికెట్‌కు ఇబ్బంది కాలేదు. 21 రోజుల లోపే పంచాయతీ కార్యదర్శి దగ్గర బావ నమోదు చేయించాడు, లేకపోతే ఇంకో కథ. అసలు తిప్పలు పేరుతో వచ్చాయి. ఆధార్‌లో అక్క పేరు చివర అమ్మ ఉంది. బ్యాంకులో లేదు. పాసు పుస్తకంలో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక. డెత్ సర్టిఫికెట్ ఆధార్ చూసి రాశారు. చనిపోయిన మనిషి, లోను తీసుకున్న మనిషి ఒక్కరే అని రుజువేంటి అన్నారు. ఫోటో అదే, వేలిముద్ర అదే, ఊరు అదే. అయినా వంద రూపాయల స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. స్టాంపు, టైపింగ్, నోటరీ కలిపి ఆరు వందలు. ఇంట్లో ముసలివాళ్ల పేర్లు అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి, మనిషి బతికుండగా సరిచేయడం చాలా సులువు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు అక్టోబర్ 27న బావ మీసేవలో అర్జీ పెట్టాడు. అక్కడ ఖర్చు జిరాక్సులతో కలిపి వంద కూడా కాలేదు. ఆర్‌ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఊరికి వచ్చి పక్కింటివాళ్లను అడిగి, పంచనామా రాసి, సంతకాలు తీసుకోవాలి. నవంబర్ 12న వచ్చాడు. ఇంకో వారంలో అయిపోతుందన్నారు. ఇంతలో పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. డిసెంబర్ 11, 14, 17 మూడు విడతలు, తహసీల్దార్ ఆఫీసులో ఎవరిని అడిగినా ఎలక్షన్ డ్యూటీ. నేను నాలుగుసార్లు పోయాను, నల్గొండ నుంచి పోను, రాను బస్సులో ఆడవాళ్లకు ఫ్రీగా ఇచ్చే జీరో టికెట్టే కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ తిరుగుడుకే వెయ్యి దాటేది. చేతికొచ్చింది డిసెంబర్ 26న. ఈ మధ్యలోనే రైతు బీమా ఐదు లక్షలు బావ ఖాతాలో పడ్డాయి. అక్క పోయినందుకు వచ్చే డబ్బు వచ్చింది గానీ అక్క గుండ్లు రాలేదు. బావ ఆ డబ్బుతో గుండ్లు విడిపిస్తానన్నాడట, బిడ్డతో చెప్పించాడు. వద్దన్నాను. అది మాత్రం గట్టిగా అన్నాను.

మా అక్క కొడుకు పుణెలో ఉంటాడు. వారసులు ముగ్గురూ సంతకం పెట్టాలి. రాలేకపోతే అక్కడే నోటరీతో చేయించి పంపినా చూస్తామన్నారు, ఆ చూస్తాం అన్న మాట మీద నమ్మకం లేక పండుగ దాకా ఆగాం. వాడు వచ్చాక జనవరి 13న అందరం బ్యాంకులో కలిశాం. క్లెయిమ్ ఫారం, ముగ్గురి ఫోటోలు, ఆధార్‌లు, గుండ్లు బిడ్డకు ఇవ్వడానికి తండ్రీ కొడుకులకు అభ్యంతరం లేదని లెటర్, రేపు ఇంకెవరైనా వారసులమని వస్తే మాదే బాధ్యత అని బాండు. ఆ బాండుకు రెండు జామీనులు కావాలి, అదే బ్రాంచిలో ఖాతా ఉన్నవాళ్లు. ఒకరు బావకు తెలిసిన మాస్టారు. రెండో మనిషి దొరకలేదు. మేనేజర్ నన్ను చూసి, "మీకు ఇక్కడ ఖాతా ఉంది కదా?" అన్నాడు. వారసురాలిని కాలేకపోయాను గానీ జామీనుకు పనికొచ్చాను. సంతకం పెడుతుంటే చేయి వణికింది, రెండోసారి పెట్టమన్నారు.

మర్నాడు సంక్రాంతి పండుగ మొదలు. నేను సంక్రాంతికి విడిపిస్తానన్నాను కదా, మూడు సంక్రాంతులు అయ్యాయి.

ఫైలు పై ఆఫీసుకు పోయింది. పది రోజులన్నారు, మూడు వారాలకు పైనే పట్టింది. ఈలోపు నేను చిట్టీ పాడాను. లక్షన్నర చిట్టీకి పాట పోను చేతికి వచ్చింది లక్షా ఎనిమిది వేలు. గడువు దాటిన వడ్డీ, నోటీసు ఖర్చులతో కలిపి లోను మీద చివరికి నేను కట్టింది అసలు లక్ష కాక ఇంకో పదమూడు వేల చిల్లర.

ఫిబ్రవరి 6న బావ, బిడ్డ, నేను. అప్రైజర్ సీలు కవరు మా ముందే కత్తిరించాడు. గుండ్లు లెక్కపెట్టమన్నారు, బిడ్డ లెక్కపెట్టింది, 24. తూకం 31.4. రసీదు మీద ఉన్నదే. ఇవన్నీ అక్కడే చూసుకుని అప్పుడే సంతకం పెట్టాలి, బయటికొచ్చాక అడిగితే వినరు. నేను దారం వైపే చూస్తున్నాను. మెడ వెనక వచ్చే చోట ఎరుపు పోయి చెమటకు, పసుపుకు గోధుమరంగు తిరిగి ఉంది. బావ ముట్టుకోలేదు. "బిడ్డా, నువ్వే తీసుకో" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "తిన్నవా పొద్దున?" అన్నాడు. అక్టోబర్ నుంచి ఆయన నాతో అన్న మొదటి మాట అది.

బయటికొచ్చాక బిడ్డ, దారం చీకిపోయింది, ఇట్లనే తీసుకుపోతే దారిలో తెగుతుందంది. ప్రకాశం బజారులో మాకు తెలిసిన అవుసలాయన దగ్గరికి పోయాం. ఆయన పాత దారం కత్తెరతో కత్తిరించి గుండ్లను ఎర్రగుడ్డ మీద పోశాడు. దారం పక్కన పడేయబోతే నేను అడిగి తీసుకున్నాను. కొక్కెం చూసి, ఇది అరిగిపోయింది, కొత్తది వేస్తాను, ఇంక పిన్నీసు పెట్టే పని ఉండదు అన్నాడు. తర్వాత ఒక గుండును వేళ్ల మధ్య తిప్పుతూ, "దీనికి సొట్ట ఉంది. లోపల లక్క కూడా సగం రాలిపోయింది. వేడి చేసి కొత్త లక్క నింపితే సొట్ట పైకి లేస్తది, చేద్దునా?" అని అడిగాడు.

బిడ్డ వెంటనే, చేయండి అంది. ఆ సొట్ట ఎట్లా పడిందో దానికి తెలియదు, అక్క ఎవరికీ చెప్పలేదు కదా. వద్దు అనాలని నోటిదాకా వచ్చింది. గుండ్లు దానివి, దాని అమ్మవి. అప్పటికే నేను వాటి జోలికి పోయి చేసింది చాలు అనిపించింది.

గంటన్నర పట్టింది. కొక్కెం, పట్టుదారం, లక్క, కూలీ అన్నీ కలిపి ఇరవై రెండు వందలు, నేను పర్సు తీసేలోపే బిడ్డ ఫోన్‌పే కొట్టేసింది. అద్దం ముందు మెడకు పెట్టుకుని నా వైపు తిరిగి, "ఎంత మంచిగైనయో చూడు చిన్నమ్మా" అంది.

మంచిగైనయి బిడ్డా అన్నాను. అందులో అది ఏ గుండో నాకు తెలియలేదు.